ఆ ఫ్లాస్కు కడగకండి

వెనక వరుసల్లో ఇందాకటి నుంచి ఓపిగ్గా కూర్చున్న అమ్మానాన్నలకు రెండు చేతులా దండం. ఇవాళ ఇచ్చే పట్టాల్లో సగం వాళ్లవే. ఇక పిల్లలూ, మీతోనే మాట్లాడతాను.

నాది అణువులతో పదార్థాలు తయారుచేసే రసాయన శాస్త్రం. అణువును తయారుచేయడం మా పనిలో సగమే. అలాంటివి కోటానుకోట్లు చేరినప్పుడు ఒకదాని పక్కన ఒకటి ఎలా సర్దుకుంటాయన్నది మిగతా సగం. ఆ పదార్థం వెలుగునిస్తుందా, కరెంటు మోస్తుందా అన్నది ఆ సర్దుబాటులోనే తేలుతుంది. దాన్ని చూడటానికి కెమిస్ట్రీ ఒక్కటే చాలదు. ఈ సంగతి నాకు హాస్టల్ మెస్సులో తెలిసింది.

పరిశోధనలో అది నా రెండో ఏడు. పొడవాటి కార్బన్ గొలుసున్న ఒక ఎస్టర్ చేశాను. తెల్లటి పొడి. కెపిల్లరీలో పోసి వేడిచేస్తే ఒకచోట కరిగింది కానీ, పలచటి మజ్జిగలా తెల్లగానే ఉండిపోయింది. ఇంకాస్త వేడి చేస్తే ఉన్నట్టుండి నీళ్లలా తేటబడింది. మా గైడు గారు చూసి, "మలినం ఉంది, మళ్లీ శుద్ధి చెయ్యి" అన్నారు. మూడు నెలలు అదే పని చేశాను. మజ్జిగ పోలేదు. రేపు పొడి పారబోసి ఫ్లాస్కు కడిగేస్తానని ఆ రాత్రి భోజనాల దగ్గర చెబితే, పక్కన కూర్చున్న ఫిజిక్స్ అబ్బాయి ముద్ద చేతిలోనే ఆపి, "ఒక్కసారి మా దగ్గరికి పట్రా" అన్నాడు. మర్నాడు పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద వేడిచేసి చూశాం. నేను మజ్జిగనుకున్నది వాననీటి మీద తేలే కిరోసిన్ తెట్టులా రంగులు తిరుగుతోంది. అది మలినం కాదు, ద్రవ స్ఫటికం. అంటే ద్రవంలా పారుతూనే అణువులు స్ఫటికంలోలా ఒక వరసలో సర్దుకునే స్థితి.

1888లో ప్రాగ్‌లో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడికీ ఇదే ఎదురైంది. ఆయన దగ్గరున్న కొలెస్టరిల్ బెంజోయేట్ 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసకగా ఉండిపోయి, 178.5 దగ్గర తేటబడింది. ఆయన దాన్ని పారేయలేదు. ఒట్టో లేమన్ అనే భౌతిక శాస్త్రవేత్తకు ఉత్తరం రాసి, నమూనాలు పంపారు. కాలిక్యులేటర్ మీది అంకెల నుంచి టీవీ తెర దాకా వచ్చిన ద్రవ స్ఫటిక తెరల, అంటే ఎల్‌సీడీల కథ అక్కడ మొదలైంది.

రెండు శాస్త్రాలు ఇలా చేయి కలపడం మన దేశంలోనూ జరిగింది. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ భౌతిక శాస్త్రవేత్త, బి.కె. సదాశివ రసాయన శాస్త్రవేత్త. వాళ్లు, కె.ఎ. సురేష్ కలిసి, నాణేల్లాంటి బల్లపరుపు అణువులు దొంతరలుగా పేర్చుకుని ద్రవ స్ఫటికాలవుతాయని చూపించారు.

ఇప్పుడు నన్ను తొలిచే బాధ చెబుతాను. ఏ ల్యాబుకు వెళ్లినా, "ఈ నెల అనుకున్నట్టు రానిదేమిటి?" అని అడుగుతాను. తలలు వంచుకుంటారు. "పేపరుకు పనికిరాదని పడేశాం సార్" అంటారు. నోట్‌బుక్కులో కూడా ఉండదు! ఏం నాయనా, అంత తొందరేమిటి? ఏమ్మా, ఫిజిక్స్ బ్లాకు నీకు రెండొందల అడుగుల దూరం, ఐదేళ్లలో ఒక్కసారైనా ఆ మెట్లెక్కావా? క్యాంటీన్‌లో కూడా మీ బల్ల మీదే, వాళ్ల బల్ల వాళ్లదే. నాకు కోపం వస్తుంది. మీరంటే ఇష్టం కాబట్టే వస్తుంది.

అనుకున్నట్టు రానిదాన్ని పడేయని ఇంకొకాయన కథ వినండి. 1967లో టోక్యోలో హిడెకి షిరకావా అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగంలో ఒకరు పొరపాటున ఉత్ప్రేరకం వేయి రెట్లు ఎక్కువ వేశారు. నల్ల పొడి రావలసిన చోట వెండిరేకులా మెరిసే పొర కట్టింది. తప్పు జరిగింది, కడిగెయ్ అనలేదాయన. ఎందుకలా వచ్చిందో తేల్చారు. ఆ సంగతి విన్న రసాయన శాస్త్రవేత్త అలన్ మెక్‌డయార్మిడ్ ఆయన్ను ఫిలడెల్ఫియాకు పిలిచారు. అక్కడ భౌతిక శాస్త్రవేత్త అలన్ హీగర్ తోడయ్యారు. ఆ పొరకు హాలోజన్ ఆవిరి పట్టిస్తే విద్యుత్ వాహకత కోటి రెట్లు పెరిగింది. 2000లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

మీరు రేపో ఎల్లుండో గదులు ఖాళీ చేస్తారు. అంతకుముందు ఒక్కసారి ల్యాబులో మీ అర వెతకండి. మీరు చేసిందే, ఏమిటో మీకే అంతుపట్టక వెనక్కి నెట్టేసిన సీసా ఒకటి ఉంటుంది. దాన్ని కడగకండి. ఏమేం కలిపారో, ఏ తేదీన కలిపారో రాసి అతికించి, పక్క బ్లాకులో ఎవరో ఒకరికి చూపించి వెళ్లండి.