వికీ వ్యాసానికి లింకు వేయడం ఎలా?
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిపంతుల్ని. నా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించగలరు. తెలుగు వికీపీడియా 2003లో, ఉర్దూ వికీపీడియా 2004లో మొదలైనాయి. వాటిని చదివేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, దిద్దేవాళ్ళే తక్కువ. "వ్యాసం రాసేంత చదువు మాకెక్కడిది సార్" అంటారు. వ్యాసం రాయనక్కరలేదు. ముందు లింకు వేయండి, చాలు.

లింకు అంటే వ్యాసంలో నీలం రంగులో కనిపించే మాట. నొక్కితే ఆ విషయం మీద ఉన్న మరో వ్యాసం తెరుచుకుంటుంది. 1857 జూలై 17న కోఠీ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రేబాజ్ ఖాన్ గురించి ఎవరో కష్టపడి వ్యాసం రాశారనుకోండి. కోఠీ గురించి చదివే పిల్లవాడికి అక్కడ ఆయన పేరు ఉత్త నల్లక్షరాలుగానే కనిపిస్తే, అలాంటి వ్యాసం ఒకటుందనే తెలియదు. ఇల్లు కట్టి బాట వేయనట్టే కదా. మనం రోజూ కోఠీకి బస్సులో పోతాం, వస్తాం. ఆ పేరు మన పిల్లల్లో ఎంతమంది విన్నారు?

పద్ధతి సులువు. ఫోనులో పెన్సిలు గుర్తు నొక్కండి. మాటను వేలితో ఎంచుకుని, గొలుసు బొమ్మ నొక్కండి. వ్యాసాల జాబితా వస్తుంది. సరైనదాన్ని ఎంచుకుని, ఏం చేశారో ఒక ముక్క రాసి ప్రచురించండి. కోడులో రాసేవాళ్ళు మాటకు అటూ ఇటూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెడతారు. వ్యాసం పేరు ఒకటి, వాక్యంలో రావలసిన మాట ఇంకొకటి అయితే నడుమ ఒక నిలువు గీత: [[మఖ్దూం మొహియుద్దీన్|మఖ్దూం]]. గీతకు ముందున్నది చేరవలసిన చోటు, తర్వాతది కంటికి కనిపించేది. ఉర్దూలోనూ ఇదే పద్ధతి. కాకపోతే రాత కుడి నుంచి నడుస్తుంది గనుక బ్రాకెట్లు చూసి మొదట్లో నేను కంగారు పడ్డాను.

మన పేర్లతో ఒక చిక్కుంది. ఉర్దూలో ఒకటే రాత, తెలుగులో మఖ్దూం, మగ్దూం, ముఖ్దూం అని తలా ఒక తీరు. ఒక్క అక్షరం తేడా వచ్చినా లింకు ఎర్రగా పడుతుంది. ఎరుపంటే ఆ పేరుతో పేజీ లేదని అర్థం, ఆ మనిషి గురించి వ్యాసమే లేదని కాదు. తొందరపడి కొత్తది మొదలుపెడితే ఒకే కవికి రెండు పేజీలవుతాయి. వేరే రాతలతో వెతకండి. దొరికితే మీ రాతతో 'దారిమార్పు' పేజీ పెట్టవచ్చు, అది అసలు వ్యాసానికి చేరుస్తుంది. నిజంగానే లేకపోతే ఆ ఎరుపును అలాగే ఉంచండి. రాయగలవాళ్ళ కంట పడుతుంది.

ఇక నేను చేసిన ఘనకార్యం చెబుతాను. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద గురించి చదువుతూ, 'నిజాం' అన్న మాటకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వ్యాసాన్ని లింకు చేశాను. మనకు నిజాం అంటే ఆయనే కదా! మా తొమ్మిదో తరగతి అమ్మాయి చూసి "సార్, ఆయన గద్దెనెక్కింది 1911లో కదా" అంది. నిజమే. వరదనాటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఆ వరద తర్వాత ఉస్మాన్ సాగర్ కట్టించినాయన ఉస్మాన్ అలీ ఖాన్. నా తలలో రెండూ కలిసిపోయాయి. ఆ తప్పు రెండు రోజులు అలాగే ఉండిపోయింది. వాక్యంలో తప్పుంటే చదవగానే తెలుస్తుంది. లింకులో తప్పు నొక్కితే గాని బయటపడదు. అందుకే వేసినవెంటనే మీరే నొక్కి చూసుకోండి. హైదరాబాదు కూడా సింధ్‌లో ఇంకొకటుంది, మరచిపోవద్దు.

ఉత్సాహం కొద్దీ నీళ్ళకూ, అన్నానికీ, బడికీ లింకులు వేయకండి. చదివేవాడికి అవసరమైన మాటకే, అదీ మొదటిసారి వచ్చిన చోటే వేయాలి. మన సొసైటీ పేరో, మీ దుకాణం వెబ్‌సైటో మధ్యలో ఇరికించకండి. తీసేస్తారు, తీసేయడమే న్యాయం.

భోజనాలయ్యాక వెనక బల్ల దగ్గర కూర్చుంటాను. ఎల్.బి.నగర్ వ్యాసంతో మొదలుపెడదాం. ఆ రెండక్షరాల వెనక ఉన్నది లాల్ బహదూర్ శాస్త్రి గారు. ఆయన పేరుకు అక్కడ లింకు ఉందో లేదో కలిసి చూద్దాం. ఫోనులో చార్జింగు ఉన్నవాళ్ళు రండి.