వీధి వైపు నుంచి ఒక్క మలుపు

ఫోటోగ్రాఫరు రీలు కడిగాక నెగెటివ్‌ను ముక్కలుగా కత్తిరించి, ఫోటో కాగితం మీద వరుసగా పరిచి, ఒక్కసారి వెలుతురు చూపిస్తాడు. 36 బొమ్మలు తపాలా బిళ్లలంత సైజులో ఒకే కాగితం మీద తేలతాయి. అదే కాంటాక్ట్ షీట్. మా నాన్నగారి చిన్నప్పటి ఫోటో అగ్గిపెట్టెంత ఉండేది. ఇంత చిన్నదేమిటని అడిగితే నానమ్మ, ‘నెగెటివ్ ఎంతో ఫోటో అంతే. పెద్దది చేయించడానికి డబ్బులెక్కడివి?’ అనేది.

నాకు కాంటాక్ట్ షీట్ చదవడం నేర్పింది ఫోటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ తీసిన ఒక ఫోటో. ఆయన స్విట్జర్లాండ్‌లో పుట్టి న్యూయార్క్ చేరినవాడు. 1955, 56లలో అమెరికా అంతా కారులో తిరిగి 700కు పైగా రీళ్లు తీశాడు. ‘ది అమెరికన్స్’ పుస్తకంలోకి చేరినవి 83 ఫోటోలే. వాటిలో న్యూ ఆర్లియన్స్ ట్రాము ఫోటోను నేనూ చూశాను, మెచ్చుకున్నాను, పేజీ తిప్పాను. కొన్నేళ్లకు ఒక మిత్రుడు ఆ ఫోటో ఉన్న కాంటాక్ట్ షీట్ అచ్చయిన పుస్తకం నా ఒళ్లో పెట్టి, భూతద్దం చేతికిచ్చాడు. నా కళ్లు నేరుగా ట్రామును వెతికాయి. దొరకగానే పుస్తకం మూయబోయాను. ‘మొదటి నుంచీ చదవరా’ అన్నాడు.

మనలో చాలామందిమి ఇంతే. ఎంపికైన ఫోటో ఎక్కడుందో చూసుకుని మిగతావి వదిలేస్తాం. ఆలాపనంతా కబుర్లాడి, కీర్తన మొదలయ్యాక తల ఊపితే రాగం ఎలా అందుతుంది? ఫోటోగ్రాఫర్లు విలియం క్లైన్ షీట్లయినా, డయాన్ ఆర్బస్ షీట్లయినా వరుసలోనే చదవాలి.

ట్రాము ఫోటో తీసిన రోజు ఫ్రాంక్ న్యూ ఆర్లియన్స్‌లోని కెనాల్ స్ట్రీట్‌లో ఊరేగింపు ఫోటోలు తీస్తున్నాడు. వెనక్కి తిరిగాడు. ట్రాము పోతోంది. ఒక్క నొక్కు.

అయిదు కిటికీలు. ముందు కిటికీలో తెల్లవాడు, అద్దం మెరుపు వెనక ముఖం సరిగా తెలియదు. తరవాత చిరాకుగా చూసే తెల్లావిడ. మధ్యలో ఇద్దరు పిల్లలు. నాలుగో కిటికీలో నల్లవాడు, చేతులు బయట ఆనించి నేరుగా మనకేసి చూస్తాడు. చివర నల్లావిడ. తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ వేరుచేసిన అప్పటి చట్టం ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టిందో ఆ వరుసే చెబుతుంది. ఆ కిటికీలు కూడా రీలు మీది ఫ్రేముల్లాగే ఉన్నాయని భూతద్దంలో చూసినప్పుడే నాకు తట్టింది. నాలుగో ఫ్రేము దగ్గర ఇప్పటికీ చాలాసేపు ఆగిపోతాను.

ఒక్కసారి ఆ కిటికీల పైఅద్దాలు కూడా చూడండి. వాటిలో ఏవో నీడలు కరిగి కదులుతున్నట్టుంటాయి. బహుశా అవి ఫ్రాంక్ వీపు తిప్పిన వీధివే.