గుడి పెంచే ముందు



ఆదోని, ఎమ్మిగనూరు వైపు పల్లెల్లో సంఘం పెరిగి చర్చి చాలకపోతే, ఆడవాళ్లే చంటిపిల్లలతో బయట ఎండలో కూర్చోవాల్సి వస్తుంది. గోడ తీసి పెంచుదామంటారు పెద్దలు. మంచిదే. కాని ముందు లెక్క చూసుకోవాలి కదా!

మన వైపు వానలు ముఖం చాటేస్తే ఎన్నో కుటుంబాలు సుగ్గికి, గుంటూరు మిరప కోతలకు వెళ్లిపోతాయి. అప్పుడు లెక్కిస్తే జనం తక్కువ, పండుగనాడు లెక్కిస్తే ఎక్కువ. అందుకని ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం లెక్క రాసి పెట్టండి. వలస వెళ్లినవారు తిరిగొచ్చాకే సభ పెట్టండి. వాళ్ల కానుకే కాదు, మాట కూడా కావాలి.

మెదక్ చర్చి సంగతి విన్నారుగా? 1914లో పని మొదలైతే 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. రెవరెండ్ పాస్నెట్ గారు కరువులో జనానికి పని చూపి, తిండి పెడుతూ కట్టించారు. అంత గుడికే పదేళ్లు పట్టింది. మనం తొందరపడి అప్పు చేస్తే, వడ్డీ కట్టేది కూలి డబ్బులతోనే.

మొదట రెండు ఆరాధనలు పెట్టి చూడండి. తర్వాత నీడకు రేకుల వసారా, తాగే నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి. ఆపైన హాలు. పునాది మాత్రం రేపటి పెంపుకూ సరిపడేలా వేయించండి.

కమిటీలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లుండాలి. ఎండలో కూర్చునే బాధ వాళ్లకే తెలుసు. సెలవు.