రాకముందే మాట్లాడుకోవాలి

సైన్స్ ఫిక్షన్ వల్ల సమాజానికి ఒరిగేదేమిటని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. జరగబోయేది అది ముందే చెబుతుందన్నది మొదటిది. పిల్లల్లో శాస్త్రం మీద ఆసక్తి పెంచుతుందన్నది రెండోది. రెండింటికీ ఆధారాలున్నాయి. జూల్ వెర్న్ 1865లోనే ఫ్లోరిడా నుంచి మనుషుల్ని చంద్రుడి వైపు పంపాడు. నూరేళ్లు దాటాక అపోలో నౌకలు అదే రాష్ట్రం నుంచి లేచాయి. రాకెట్ శాస్త్రానికి పునాదులు వేసిన సియోల్కోవ్‌స్కీ, ఓబెర్త్ వెర్న్ పుస్తకాలతో, గొడార్డ్ వెల్స్ నవలతో ఉత్తేజం పొందినవాళ్లే. అయినా ఈ రెండు జవాబులూ చాలవని నేనంటాను. వెర్న్ తన ప్రయాణికుల్ని పెద్ద ఫిరంగిలో పెట్టి పేల్చాడు. నిజంగా అలా చేస్తే ఆ అదురుకే వాళ్ల ప్రాణాలు పోతాయి. జోస్యాల లెక్కన చూస్తే ఈ సాహిత్యంలో తప్పులే ఎక్కువ తేలతాయి. కాలజ్ఞానం చెప్పడం దాని పని కాదు. ఇక శాస్త్రజ్ఞుల్ని తయారుచేయడమంటారా, అది ముందుగా ప్రయోగశాలకు జరిగే మేలు. సమాజమంతటికీ జరిగే మేలేమిటో ఇంకా చెప్పవలసే ఉంది.

నా వాదన ఇది. ఏ కొత్త సాధనమైనా మన మధ్యకు రావడానికి ముందు కొంతకాలం ఉంటుంది. దాని ఆకారం ఇంకా స్థిరపడదు, దాని చుట్టూ చట్టాలు ఏర్పడవు, దాని మీద ఎవరి లాభమూ ఆధారపడి ఉండదు. దాన్ని మార్చడం సులువైన కాలం అదే. కానీ ఆ కాలంలో దాని గురించి మాట్లాడటానికి మామూలు మనిషికి ఏ ఆధారమూ ఉండదు, ఎందుకంటే అతను దాన్ని చూడలేదు. తీరా అది ఇంట్లోకి, బడిలోకి, ఆఫీసులోకి వచ్చి అందరికీ అర్థమయ్యేసరికి మార్చే అదను దాటిపోతుంది. ఈ ఎడాన్ని పూడ్చగలిగినది, నాకు తెలిసినంతలో, కథ ఒక్కటే. ఇంకా రాని వస్తువుతో మనుషులు బతికినట్టు రాసి, మాట్లాడుకోవడానికి మనకొక అనుభవాన్ని ముందుగా ఇస్తుంది.

హెచ్.జి. వెల్స్ 1914లో 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' అనే నవల రాశాడు. అందులో అణుబాంబులున్నాయి, ఆ పేరుతోనే ఉన్నాయి. ఆయన ఊహించిన బాంబు భౌతికశాస్త్రం ప్రకారం తప్పు: అది ఒక్కసారిగా పేలి ఆగిపోదు, రోజుల తరబడి మండుతూ ఉంటుంది. కానీ ఒక్క మనిషి మోయగలిగిన ఆయుధం ఒక నగరాన్ని తుడిచిపెట్టగలిగితే రాజ్యాల పరిస్థితి ఏమవుతుందన్న ప్రశ్నను ఆయన సరిగ్గా పట్టుకున్నాడు. లియో జిలార్డ్ అనే హంగేరియన్ భౌతికశాస్త్రవేత్త 1932లో ఈ నవల చదివాడు. మరుసటి ఏడు సెప్టెంబరులో, లండన్‌లో ఉండగా, న్యూట్రాన్లతో గొలుసు చర్య నడపవచ్చునన్న ఆలోచన అతనికి తట్టింది. యురేనియం కేంద్రకం చీలుతుందని అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన మీద పేటెంటు తీసుకున్న జిలార్డ్, దాన్ని బయటపెట్టకుండా రహస్యంగా ఉంచాలని బ్రిటిష్ నౌకాదళ శాఖకు అప్పగించాడు. దాని పర్యవసానం ఏమిటో తనకు తెలుసునని, వెల్స్‌ను చదవడం వల్లే తెలిసిందని తర్వాత తానే చెప్పుకున్నాడు. 1939లో రూజ్‌వెల్ట్‌కు ఐన్‌స్టీన్ రాసిన ఉత్తరం వెనక ఉన్నది ఇతనే. 1945 జులైలో జపాన్ మీద బాంబు వాడకానికి అడ్డుపడుతూ తోటి శాస్త్రజ్ఞుల చేత సంతకాలు పెట్టించినదీ ఇతనే; డెబ్భైమంది సంతకం చేశారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వెంటనే లేస్తుంది. అయినా హిరోషిమా జరిగింది కదా, నవల ఏం ఆపింది? ఆపలేదు. పైగా బాంబు తయారీకి దారితీసిన ఉత్తరంలోనూ జిలార్డ్ చేయి ఉంది. ఈ నిజాన్ని దాచి నా వాదన నిలబెట్టుకోను. కానీ ఆ నవల అప్పటికి ఎంతమంది చేతుల్లో పడి ఎంతమందిని ఆలోచింపజేసిందో కూడా చూడాలి. ఒక శాస్త్రవేత్త దాన్ని సీరియస్‌గా తీసుకున్నాడు. అధికారంలో ఉన్నవాళ్లు తీసుకోలేదు, ప్రజలకు ఆ చర్చ అందనే లేదు. ఊహ ఒక్కరి తలలోనే ఉండిపోతే అతను చేయగలిగింది అభ్యర్థన పత్రం రాయడం వరకే. అది నలుగురి నోళ్లలో పడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంకో ఉదాహరణ ఉంది.

1967లో విల్లిస్ వేర్ అనే అమెరికన్ కంప్యూటర్ నిపుణుడు ఒక పత్రం రాశాడు. ఒకే కంప్యూటర్‌ను చాలామంది దూరం నుంచి వాడుకునే పద్ధతి వస్తోందని, అలా వస్తే అందులోని రహస్యాలకు భద్రత ఉండదని హెచ్చరించాడు. స్పష్టంగా, సాంకేతికంగా, తప్పులేకుండా రాశాడు. నిపుణులు చదివారు. దేశం కదలలేదు. కొన్నేళ్ల తర్వాత ఇద్దరు సినీ రచయితలు ఒక కథ అల్లుకుంటూ ఆయన్నే సలహా అడిగారు. ఆ సినిమా 'వార్‌గేమ్స్', 1983 జూన్‌లో విడుదలైంది. ఇంట్లో కూర్చున్న కుర్రాడొకడు ఆటలనుకుని సైన్యం కంప్యూటర్‌లోకి దూరి, ప్రపంచాన్ని అణుయుద్ధం అంచుకు తెస్తాడు. అధ్యక్షుడు రీగన్ దాన్ని ఆ వారాంతంలోనే చూసి, కొద్దిరోజులకు జరిగిన సమావేశంలో సైన్యాధిపతుల అధ్యక్షుడు జనరల్ వెస్సీని అడిగాడు: ఇలాంటిది నిజంగా జరగవచ్చా? వారం తిరిగాక వెస్సీ తెచ్చిన జవాబు, పరిస్థితి మీరనుకున్నదానికంటే అధ్వాన్నంగా ఉందని. 1984 సెప్టెంబరులో కంప్యూటర్ వ్యవస్థల భద్రత మీద అధ్యక్షుడి ఉత్తర్వు వెలువడింది.

కథ ఎందుకు, నివేదికలు చాలవా అని అడిగేవారికి ఇంతకంటే సూటి జవాబు నాకు కనబడదు. సమాచారం రెండుచోట్లా ఒకటే, హెచ్చరించిన మనిషి కూడా ఒకడే. నివేదిక ప్రమాదం ఉందని చెప్పింది. సినిమా ఆ ప్రమాదాన్ని ఒక ఇంట్లో, ఒక కుర్రాడి చేతిలో పెట్టి చూపించింది. నివేదిక చదివి ప్రశ్న వేయాలంటే ఆ శాస్త్రం కొంత తెలిసి ఉండాలి. కథ చూసినవాడు తెలియనివాడిగానే ప్రశ్న వేయగలడు. ప్రజాస్వామ్యంలో శాస్త్రం గురించి నిర్ణయాలు చేసేవారిలో ఎక్కువమంది ఆ శాస్త్రం తెలియనివారే. ఓటువేసే మనమూ అంతే. తెలియనివారు సరైన ప్రశ్న వేసేటట్టు చేయడం చిన్న సేవ కాదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ ప్రమాదాలే. ముందుగా మాట్లాడుకోవడమంటే భయపడటం ఒక్కటే అనుకుంటే సగం పోగొట్టుకుంటాం. బెంగాలీ రచయిత్రి బేగం రొకేయా 1905లో ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' మద్రాసు నుంచి కమలా సత్యనాథన్ నడిపిన పత్రికలో అచ్చయింది. అందులోని దేశంలో స్త్రీలకు విశ్వవిద్యాలయాలుంటాయి. ఒక విశ్వవిద్యాలయం మబ్బుల నుంచి నీళ్లు దించుకునే ఉపాయం కనిపెడితే, ఇంకొకటి సూర్యుడి వేడిని నిలవచేసుకుంటుంది. మగవాళ్లు ఇంటిపట్టున పరదాలో ఉంటారు. దీనికి కొన్నేళ్ల ముందే మన వీరేశలింగంగారు గలివర్ ప్రయాణాల స్ఫూర్తితో రాసిన 'సత్యరాజా పూర్వదేశయాత్రలు'లో స్త్రీలు పెత్తనం చేసే దేశాన్ని చూపించారు. ఆచారాలను తలకిందులు చేసి వాటిలోని అన్యాయం కనబడేలా చేయడం ఇద్దరిలోనూ ఉంది. రొకేయా అక్కడ ఆగలేదు. ఆ స్త్రీలు అంతటి వారెలా అయ్యారో కారణం చెప్పింది: చదువు, ప్రయోగశాల, పరిశోధనకు దొరికిన తీరిక. కారణం చెప్పడంతో అది కలగా కాక, చేసి చూడదగిన ప్రణాళికగా మారింది. 1911లో కలకత్తాలో ఆడపిల్లలకు ఆమె బడి తెరిచింది. ముస్లిం కుటుంబాల నుంచి ఆడపిల్లల్ని ఇల్లు దాటించి బడికి పంపడానికి ఎంత ప్రతిఘటన ఎదురైందో తలచుకుంటే, ముందుగా కాగితం మీద ఒక దేశాన్నే కట్టుకోవడం ఎందుకు అవసరమైందో అర్థమవుతుంది.

ఇవన్నీ మన పురాణాల్లో ఉన్నవే కదా అనే మాట మన సభల్లో తప్పకుండా వినిపిస్తుంది. పుష్పక విమానం ఉంది, 'మాయాబజార్' సినిమాలో శశిరేఖ చేతిలోని ప్రియదర్శిని ఉంది. ఆ ఊహల అందాన్ని నేను తక్కువ చేయను; అవి లేకుంటే మన కల్పనాశక్తి ఇంత ఉండేది కాదు. కానీ ప్రియదర్శిని ఒక వరం. ఎలా పనిచేస్తుందని అక్కడ ఎవరూ అడగరు, అడగనక్కరలేదు. ఊళ్లో ప్రతి ఇంట్లో ఒకటి ఉంటే ఏమవుతుంది, పెట్టె తెరిచినవాడి మనసులోని ప్రియమైనవారెవరో బయటపడితే ఇల్లాలు ఏమంటుంది, దాన్ని తయారుచేసే సంస్థకు ఆ రహస్యాలన్నీ తెలిస్తే ఏం చేస్తుంది అని అడగడం మొదలుపెట్టిన క్షణాన మనం సైన్స్ ఫిక్షన్‌లో అడుగుపెడతాం. మహిమ ఒక్కరికి దక్కేది. యంత్రం అందరికీ వచ్చేది. అందుకే దాని గురించి వేయవలసిన ప్రశ్నలు వేరు.

మరో అభ్యంతరం, ఇవి శాస్త్రం మీద అపనమ్మకం పెంచుతాయని. మేరీ షెల్లీ రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' పేరు రెండు శతాబ్దాలుగా ప్రతి కొత్త పరిశోధన మీదా దుమ్మెత్తిపోయడానికి వాడుకుంటున్న మాట నిజమే. అయితే 1818లో వచ్చిన ఆ నవల చదివినవారికి తెలుసు: అందులో అనర్థం ప్రాణి పుట్టడంతో రాలేదు, పుట్టించినవాడు దాన్ని చూసి అసహ్యించుకుని వదిలేసి పారిపోవడంతో వచ్చింది. తయారుచేసినవాడికి తన సృష్టి పట్ల బాధ్యత ఎంతవరకు అన్న చర్చ అది. అరకొరగా చదవడం వల్ల వచ్చే నష్టాన్ని పుస్తకం మీద వేయలేం. ఇదే తప్పు ఎదుటి పక్షమూ చేస్తుంది. నీల్ స్టీఫెన్‌సన్ 1992లో 'స్నో క్రాష్' నవలలో మెటావర్స్‌ను చిత్రించాడు. బయట ప్రభుత్వాలు కూలి, కంపెనీల ఏలుబడిలో చితికిపోయిన లోకంలో జనం తలదాచుకునే కృత్రిమ ప్రపంచమది. 2021లో ఫేస్‌బుక్ తన మాతృసంస్థ పేరునే దాన్ని బట్టి మెటాగా మార్చుకుంది. హెచ్చరికను వ్యాపార నమూనాగా చదువుకున్నారు. దీనికి నా సమాధానం ఒక్కటే: తయారుచేసేవాళ్లు మాత్రమే చదివితే ఇలాగే జరుగుతుంది. వాడబోయేవాళ్లూ, భరించబోయేవాళ్లూ చదవాలి.

అక్కడే తెలుగు సంగతి వస్తుంది. 1991లో 'ఆదిత్య 369' అణుయుద్ధం తర్వాత భూగర్భంలో బతికే 2504 నాటి మనుషుల్ని చూపించినప్పుడు పల్లెల్లో కూడా జనం ఆదరించారు. కాబట్టి మనవాళ్లకు ఇవి ఎక్కవన్నది ఒప్పుకోలేను. వేమూరి వేంకటేశ్వరరావుగారి వంటివారు విదేశంలో ఉండి కూడా తెలుగులో శాస్త్రీయ కథలు రాశారు. ఇలాంటివారి సంఖ్య పెరగలేదు. హైదరాబాదులో, అమెరికాలో సాఫ్ట్‌వేర్ రాస్తున్నవారిలో తెలుగువారు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆ వ్యవస్థలు వచ్చి వాలేది మళ్లీ తెలుగు ఊళ్ల మీదే. రాసేవాడిదీ, దాని ముందు నిలబడేవాడిదీ ఒకే భాష. ఇద్దరి మధ్యా ఆ భాషలో ముందుగా ఒక్క మాటా నడవడం లేదు.

రేషన్ డిపోలో వేలిముద్ర సంగతే తీసుకోండి. కూలిపని చేసి చేసి వేళ్లు అరిగిపోయినవారికి, ముసలివారికి ముద్ర పడక బియ్యం ఆగిపోయిన రోజులున్నాయి. తర్వాత కనుపాప, ఓటీపీ వంటి ప్రత్యామ్నాయాలు చేర్చారు. ఆధార్ సంస్థ ఏర్పడింది 2009లో. అంతకు రెండేళ్ల ముందు ఒక తెలుగు రచయిత, వేలి గీతలను బట్టి తిండి ఇచ్చే యంత్రం ఉన్న ఊరొకటి ఊహించి కథ రాసి ఉంటే, మిరపకోతల్లో వేళ్లు అరిగిన ఒక ముసలమ్మ తప్పకుండా ఆ కథలోకి వచ్చేది. మన పల్లె తెలిసిన ఏ రచయితకైనా ఆమె తోస్తుంది. నమూనా గీసిన ఇంజినీరుకు తోచకపోవచ్చు. కథ చదివాక తోచి ఉండేది.

అలాంటి కథలకు కావలసిన వస్తువుకు ఇప్పుడు కూడా కొరతలేదు. పంటనష్టాన్ని ఆకాశం నుంచి లెక్కకట్టే వ్యవస్థ ముందు, పాసుపుస్తకం లేని కౌలు రైతు ఎలా నిలబడతాడు? ఫోన్‌లో మనిషి బదులు యంత్రం జవాబు చెప్పే ఆసుపత్రికి శ్రీకాకుళం యాసలోనో, పాలమూరు యాసలోనో నొప్పి చెప్పుకుంటే ఏం వినబడుతుంది? మన పత్రికలు ఉగాదికీ దీపావళికీ కథల పోటీలు పెడుతుంటాయి. ఒక ఏడు ఇలా రాబోయే యంత్రాలనే విషయంగా ఇవ్వమని ఈ వేదిక నుంచి సంపాదకులను కోరుతున్నాను. న్యాయనిర్ణేతలుగా ఒక విమర్శకుణ్ణి, ఒక ఇంజినీరును ఎలాగూ పిలుస్తారు. వాళ్ల పక్కన ఒక ఆశా కార్యకర్తను, ఒక రేషన్ డీలర్‌ను కూడా కూర్చోబెట్టండి. కథలోని యంత్రం అలా పనిచేస్తుందో లేదో ఇంజినీరు చెబుతాడు. దాని ముందు మనుషులు అలా ప్రవర్తిస్తారో లేదో మిగతా ఇద్దరూ చెబుతారు.