వించ్ వైరింగ్: ఫ్యూజ్ లేని చోట మన చెయ్యే ఫ్యూజ్

గ్యారేజీల్లో చేసే తమ్ముళ్లు కొందరు అడిగారు: "అన్నా, ఫోర్ బై ఫోర్ బండికి వించ్ బిగించమంటున్నారు. బిగించడం వచ్చు గానీ వైరింగ్ దగ్గర భయమైతుంది" అని. భయం ఉండడం మంచిదే తమ్మీ. నాకు ఆ భయం లేకపోవడం వల్ల ఏమైందో ముందు చెప్తాను, తర్వాత పని చెప్తాను.

నాది కోరుట్ల దగ్గర ఊరు. ఊళ్లో ట్రాక్టర్లకు సెల్ఫ్ మోటార్లు, డైనమోలు బాగుచేసేవాణ్ని. 2013లో షార్జా సనయ్యలో ఒక గ్యారేజీలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేరాను. మరుసటి ఏడు ఒక గురువారం సాయంత్రం పాత పాట్రోల్ ఒకటి వచ్చింది. తెల్లారితే శుక్రవారం, అరబ్బు ఎడారికి పోవాలి. ఫోర్‌మన్ నా నెత్తి మీద నిలబడి "యల్లా, యల్లా" అంటున్నాడు. వించ్ ఎక్కించాను, కేబుళ్లు లాగాను. రేడియేటర్ పక్కన రేకు అంచు మీద నుంచి ప్లస్ కేబుల్ పోతోంది. అక్కడ రబ్బరు గ్రోమెట్ పెట్టాలని నాకు తెలుసు. చేతిలో లేదు. ఒక ప్లాస్టిక్ టై కట్టి, "ఖల్లీ వల్లీ, ఏం కాదులే" అనుకున్నాను.

మూడు వారాలకు ఆ బండి లారీ మీద వచ్చింది. గతుకుల దారిలో ఊగి ఊగి రేకు అంచు కేబుల్ తోలును కోసేసింది. ప్లస్ వచ్చి బాడీకి తగిలింది. బండి నడిపే ఇంటి డ్రైవరు మనవాడే, సిరిసిల్ల అన్న. పొగ చూసి బానెట్ ఎత్తాడు. ఆపుదామంటే స్విచ్ లేదు, టెర్మినల్ విప్పుదామంటే చేతిలో పానా లేదు. ఉత్త చేత్తో కేబుల్ గుంజాడు. కుడి అరచెయ్యి కాలిపోయింది. నెల రోజులు స్టీరింగ్ పట్టలేకపోయాడు. నా జీతంలో మూడు నెలలు కోత పడింది. ఆ కోత నేను మర్చిపోయాను. ఆ అరచెయ్యి మర్చిపోలేదు.

ఇందులో అసలు విషయం ఒకటుంది. బండిలో లైటుకు, హారన్‌కు, ఏసీకి అన్నిటికీ ఫ్యూజ్ ఉంటుంది. వించ్‌కు చాలామటుకు కంపెనీ ఫ్యూజ్ ఇవ్వదు. ఎందుకంటే అది మామూలుగానే 400 ఆంపియర్ల దాకా లాగుతుంది. కేబుల్ ఎక్కడైనా బాడీకి తగిలితే బ్యాటరీలో ఉన్న కరెంటంతా అక్కడే దిగుతుంది, ఏదో ఒకటి కాలేదాకా ఆగదు. ఆపడానికి ఫ్యూజ్ లేదు కాబట్టి ఆ ఫ్యూజ్ పని మనం బిగించేటప్పుడే చెయ్యాలి.

ట్రాక్టర్ సెల్ఫ్ కూడా వందల ఆంపియర్లు లాగుతుంది కదా అని నేను అప్పుడు అనుకున్నాను. తేడా ఏందంటే, సెల్ఫ్ రెండు మూడు సెకన్లు తిరిగి ఆగుతుంది. వించ్ బురదలోనో ఇసుకలోనో కూరుకుపోయిన బండిని నిమిషం సేపు గుంజుతుంది. అంతసేపూ కేబుల్ వేడెక్కుతూనే ఉంటుంది.

చిన్న లెక్క చూడండి. బ్యాటరీ నుంచి వించ్‌కు రెండు మీటర్లు, తిరిగి రెండు మీటర్లు, మొత్తం నాలుగు మీటర్ల రాగి కేబుల్. 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే 400 ఆంపియర్ల దగ్గర సుమారు 0.8 వోల్టు పోతుంది. డబ్బులు మిగులుతాయని 16 కేబుల్ వేస్తే 1.75 వోల్టులు పోతాయి. అంటే 700 వాట్ల వేడి. ఇస్త్రీ పెట్టె ఎంత వేడెక్కుతుందో దాదాపు అంత వేడి, మీ బానెట్ కింద. అందుకే వించ్‌తో వచ్చిన కేబుల్ కంటే సన్నది ఎప్పుడూ వెయ్యొద్దు. బ్యాటరీ వెనకాల ఉండి దారి పెరిగితే ఇంకా లావుది వెయ్యాలి.

ఇక పని వరస. ముందు ఉంగరం, గడియారం, మెడలో గొలుసు తీసెయ్యండి. బ్యాటరీ మైనస్ ముందు విప్పండి. మళ్లీ బిగించేటప్పుడు మైనస్ ఆఖరున.

వించ్ సైజు: సామాను, మనుషులతో సహా బండి బరువుకు ఒకటిన్నర రెట్లు. మూడు టన్నుల బండికి నాలుగున్నర టన్నులు, అంటే దాదాపు 9,900 పౌండ్లు. 9,500 వించ్ తక్కువైతుంది, 12,000 తీసుకోవడం మేలు. డబ్బా మీద రాసిన బలం డ్రమ్ము మీద మొదటి వరసలోనే వస్తుంది. రోపు పొరలు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది.

వించ్ ప్లేటు చాసిస్‌కు పట్టాలి, పల్చటి బంపర్ రేకుకు కాదు. బోల్టులు కంపెనీ ఇచ్చినవే వాడండి, దొరకకపోతే 8.8 గ్రేడుకు తగ్గొద్దు. రేడియేటర్‌కు గాలి అడ్డం కాకుండా చూడండి, ఇక్కడి ఎండల్లో బండి వేడెక్కితే వించ్ ఉండీ లాభం లేదు.

వించ్ ప్లస్, మైనస్ రెండూ నేరుగా బ్యాటరీకే రావాలి. మైనస్‌ను దగ్గరలో ఉందని బాడీకి కొట్టొద్దు. రంగు, తుప్పు, సన్నటి ఎర్త్ పట్టీలు అంత కరెంటు మొయ్యలేవు. కొత్త మోడళ్లలో మైనస్ టెర్మినల్ దగ్గర సెన్సర్ ఉంటుంది, అక్కడ మాత్రం బండి పుస్తకం ఎట్ల చెబితే అట్లనే.

ప్లస్ కేబుల్‌కు బ్యాటరీ దగ్గరే ఐసొలేటర్ స్విచ్ పెట్టండి. వించ్ కరెంటుకు సరిపోయేది, పానా లేకుండా చేత్తో తిప్పేది. వించ్ వాడనప్పుడు ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండాలి. అప్పుడు కేబుల్ తోలు పోయినా అందులో కరెంటు ఉండదు.

కేబుల్ దారి మీదే ఎక్కువ టైమ్ పెట్టండి. సైలెన్సర్ పైపుకు, ఫ్యాన్‌కు, స్టీరింగ్ రాడ్‌కు దూరం. రేకులో నుంచి పోయే ప్రతి చోటా గ్రోమెట్. మొత్తం పొడుగునా పైన ఇంకో గొట్టం తొడగాలి, జానెడుకో క్లాంపు పడాలి. ఇంజను ఊగుతుంది కాబట్టి అక్కడ కొంచెం వదులు ఉంచండి. అయిపోయాక కేబుల్ పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. ఏ అంచుకైనా తగిలిందంటే రేపు కోస్తుంది.

లగ్గులను హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కాలి, సుత్తితో కొట్టొద్దు. సరిగా నొక్కని లగ్గులో ఒక ఓమ్‌లో వెయ్యో వంతు అడ్డు ఉన్నా 400 ఆంపియర్ల దగ్గర ఆ ఒక్క ముక్కలోనే 160 వాట్ల వేడి పుడుతుంది. మోటారు టెర్మినల్ బిగించేటప్పుడు రెండు పానాలు: ఒకటితో కింది నట్టు ఆపి, ఇంకోదానితో పై నట్టు తిప్పాలి. లేకపోతే లోపల స్టడ్ తిరిగి మోటారు పోతుంది.

తర్వాత పరీక్ష. ముందు లోడు లేకుండా ఇన్, అవుట్ నొక్కండి. ఉల్టా తిరిగితే మోటారు ఫీల్డ్ వైర్లు రెండూ తారుమారైనట్టు. ఆ తర్వాత కొంచెం ఎత్తు ఉన్న చోట బండినే గుంజించి, రోపును బిగువుగా చుట్టించండి. వెంటనే ఐసొలేటర్ ఆపి, అరచేత్తో కాకుండా చెయ్యి వెనకవైపుతో ఒక్కో లగ్గు దగ్గర వేడి చూడండి. మిగతావాటికంటే ఒకటి వేడిగా ఉంటే దాన్ని కోసేసి మళ్లీ వెయ్యండి.

బండి ఇచ్చేటప్పుడు డ్రైవరును పిలిచి చూపించండి. ఇది మన పని కాదనుకోవద్దు. స్విచ్ ఎక్కడ, ఎట్ల ఆపాలి. డ్రమ్ము మీద స్టీలు రోపైతే కనీసం ఐదు చుట్లు, సింథటిక్ రోపైతే పది చుట్లు ఉండాలి. గుంజేటప్పుడు ఇంజను నడుస్తూ ఉండాలి, రోపు మీద బరువైన గుడ్డ వెయ్యాలి, రోపుకు ఎదురుగా ఎవరూ నిలబడొద్దు. నిమిషం గుంజితే మోటారు చల్లారనివ్వాలి. ఇసుకలో అయితే ముందు టైర్ల గాలి 15 పీఎస్ఐ దాకా దించి, చక్రాల ముందు ఇసుక తవ్వి చూడమనండి. చాలాసార్లు వించ్ అక్కరే పడదు.

ఇంకో మాట, ఇది ఉద్యోగం మాట. కేబుల్ దారి, గ్రోమెట్లు, లగ్గులు అన్నీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. జాబ్ కార్డు మీద "ఐసొలేటర్ పెట్టాను, డ్రైవరుకు చూపించాను" అని రాయండి. సామాను లేదంటే ఫోర్‌మన్‌కు ముందే చెప్పండి: "గ్రోమెట్ లేకుండా ఈ బండి ఇయ్యను సార్, పొద్దున్నే పూర్తి చేస్తా" అని. మొదటిసారి ఆ మాట అన్నప్పుడు నాకు గొంతు వణికింది. ఫోర్‌మన్ తిట్టాడు. తిట్టి, పిల్లవాణ్ని స్పేర్ పార్ట్స్ దుకాణానికి పంపించాడు. గ్రోమెట్ రెండు దిర్హమ్‌లు.

సిరిసిల్ల అన్న ఇప్పటికీ అప్పుడప్పుడు గ్యారేజీకి వస్తాడు. కోపం లేదు. ఒకసారి చాయ్ తాగుతూ అన్నాడు: "చెయ్యి కాలినందుకు కాదు తమ్మీ, ఎక్కడ ఆపాల్నో ఎవ్వరూ చెప్పకపోయిరి గదా, అదే బాధ." అప్పటినుంచి నేను బిగించిన ఏ బండీ డ్రైవరుతో ఒకసారి ఆ స్విచ్ తిప్పించకుండా గేటు దాటలేదు.

మీ గ్యారేజీలో ఎట్ల చేస్తున్నారో వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చేసారి మాట్లాడుకుందాం. పైలం అన్నలూ. ఉంటా మరి.