వంతులు వేసుకుందాం, పాటలు ఆపొద్దు

(మండల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, పంట బీమా, కరెంటు గురించి పొద్దుటి నుంచీ చర్చించుకున్నాం. మన గురించి మనం మాట్లాడుకోలేదు. ధర్నాకైనా, వినతిపత్రానికైనా, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడానికైనా ప్రతి ఊళ్ళో ఆ నలుగురే. వాళ్ళ చేలో కలుపు పెరుగుతుంది, ఇంట్లో మాటలు పడతారు. రెండేళ్ళు గట్టిగా తిరిగినవాళ్ళు ఒకరోజు ఫోను ఎత్తడం మానేస్తారు. నిబద్ధత లేదని కొందరు తేల్చేస్తారు. అది న్యాయం కాదు. ఎద్దుకైనా కాడి దించి నీళ్ళు పెడతాం కదా!

ఢిల్లీ సరిహద్దుల్లో సింఘు, టిక్రీ, ఘాజీపూర్ దగ్గర రైతులు 2020 నవంబరు చివరి నుంచి ఏడాదికి పైగా కూర్చున్నారు. చలి, ఎండ, వాన, కరోనా రెండో దశ అన్నీ రోడ్డు మీదే. ఎందరో రైతుల ప్రాణాలు పోయాయి. అయినా ఎలా నిలబడ్డారు? పట్టుదల ఒక్కటే చాలదు. వంతులు వేసుకున్నారు. ఊరి నుంచి కొత్త జట్టు వస్తే పాత జట్టు ఇంటికి. వచ్చినవాళ్ళ పొలం పని ఊళ్ళో ఉన్నవాళ్ళు చూశారు. లంగరులో పొయ్యి ఆరలేదు, రొట్టెలు చేసే చేతులు మారాయి. ట్రాక్టరు ట్రాలీల మధ్య గ్రంథాలయం పెట్టుకున్నారు, 'ట్రాలీ టైమ్స్' అని పత్రిక వేసుకున్నారు, కబడ్డీ ఆడారు. 2021 జనవరిలో లోహ్రీ నాడు, అంటే మన భోగి రోజే, మంటల్లో చట్టాల ప్రతులు వేసి పండగ చేసుకున్నారు. నవంబరు 19న చట్టాలు వెనక్కి తీసుకుంటామన్న ప్రకటన వచ్చింది. డిసెంబరు 11న గుడారాలు ఎత్తి, ఆడుతూ పాడుతూ ఇళ్ళకు బయల్దేరారు.

మనకిది కొత్తేమీ కాదు. 1940లలో నాజర్ బుర్రకథ, ప్రజానాట్యమండలి 'మా భూమి' నాటకం చూడ్డానికి ఊళ్ళకు ఊళ్ళే కదిలాయి. ఇప్పుడు మన సభ ఎలా ఉంది? వేదిక మీద పన్నెండు మంది, పన్నెండు మందికీ మైకు, కింద కూర్చున్నవాళ్ళకు ఎండ. ఆడవాళ్ళొస్తే టీలు అందించే పని. మళ్ళీ రమ్మంటే ఎవరొస్తారు?

నెలకు ఇద్దరు చొప్పున ఆఫీసుల పని చూద్దాం. ఆ నెల వాళ్ళ చేలో మిగతావాళ్ళం తలా ఒకరోజు బదులు పని చేద్దాం. మరీ తప్పనిసరి అయితే తప్ప నాట్లు, కోతల రోజుల్లో పెద్ద కార్యక్రమాలు వద్దు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్పించుకున్నా సరే, ఆ రోజు పులిహోర కలిపి ఊరంతా పంచండి.

భోజనాలయ్యాక పేర్లు రాసుకుందాం. రెండేళ్ళుగా తిరుగుతున్నవాళ్ళకు మొదటి మూడు నెలలు సెలవు. సాయంత్రం మోటారు వేసుకోవాల్సినవాళ్ళు ముందుగా రాయించుకుని బయల్దేరండి. మిగతావాళ్ళు ఉండండి, డప్పులు వచ్చాయి.