మా ఇంటి స్టాంపు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించీ, మెడికల్ గురించీ మాట్లాడవలసినవారు మాట్లాడారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు మా కుక్క గురించి చెప్పమన్నారు. 34 ఏళ్ళు తపాలా శాఖలో చేసి, అందులో 19 ఏళ్ళు సైకిల్ మీద బీటు తిరిగినవాణ్ణి. కుక్కలకూ మనకూ ఉన్న బాంధవ్యం మీకు తెలియనిది కాదు. నన్ను రెండుసార్లు కరిచాయి. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు! ఆ పాత మందు మన దేశంలో 2004తో ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు సూదులతో సరి. ఆ పద్నాలుగూ పొడిపించుకున్నవాళ్ళు ఈ హాలులో ఇంకా కొందరున్నారు, నవ్వుతున్నారు కూడా.

నేను 2011లో రిటైరయ్యాను. 2015 వానాకాలంలో తెనాలి చెంచుపేటలో మా అరుగు పక్కన తడుస్తూ దొరికిన పిల్ల ఇది. ఊరకుక్కే. తెల్లటి ఒళ్ళు, నుదుటి మీద నలుపలకల గోధుమరంగు మచ్చ. మా మనవరాలు చూసి "తాతయ్యా, స్టాంపు" అంది. అదే పేరయింది.

2019 వేసవిలో మా సందులో ఒక ఆటో చక్రం దాని నడుము మీదుగా పోయింది. పాత తలుపు చెక్క మీదకు మెల్లగా జరిపి, కదలకుండా గుడ్డతో కట్టి, వాన్‌లో గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకువెళ్ళాం. ఇది గుర్తుంచుకోండి, నడుము దెబ్బతిన్న జంతువును చంకలు పట్టి ఎత్తకూడదు. ఎక్స్‌రేలో వెన్నుపూస విరిగినట్టు కనిపించింది. డాక్టరుగారు వెనక కాలి వేలు గట్టిగా నొక్కారు. కాలు వెనక్కి లాక్కుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "అది ఆశ పడవలసిన గుర్తు కాదండీ. నొప్పి తెలిస్తే తిరిగి చూస్తుంది, అరుస్తుంది. ఇది చూడటం లేదు" అన్నారాయన. నడక తిరిగి రావడం కష్టమని ఆ రోజే తెలిసిపోయింది.

ఇంజక్షన్ ఇప్పించెయ్యండి నాన్నా అని మా అబ్బాయి బెంగుళూరు నుంచి ఫోను. వాడు కఠినుడు కాడు. వాడి బెంగంతా వాళ్ళమ్మ నడుము గురించి. డాక్టరుగారేమో, తిండి మానేసి మూలుగుతూ పడివుంటే నేనే ఆ మాట చెబుతాను, ఇదింకా గిన్నె కోసం చూస్తోంది కదా అన్నారు. మా ఆవిడ ఎవరితోనూ వాదించలేదు. "మీకు మోకాళ్ళు పట్టేసినప్పుడు మిమ్మల్నేం చేశాను?" అని నన్నొక్క మాట అడిగి పాత చీరలు వెతకడానికి వెళ్ళింది.

అసలు పని నడక కాదు, మూత్రం. దానంతట అది పోయలేదు. నిలవుంటే చీము పడుతుంది. అందుకని రోజుకు 4 సార్లు, ఉదయం 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి పదిన్నరకు, పొట్ట కింద రెండు చేతులూ పెట్టి నెమ్మదిగా, ఆపకుండా నొక్కాలి. నిండినప్పుడు నీళ్ళ బెలూన్‌లా చేతికి తగులుతుంది. చేతులకు తొడుగులు తప్పనిసరి. లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం కుక్క మూత్రం వల్ల మనుషులకూ రావచ్చు. ఏటా దానికి టీకాలు వేయిస్తాం. ఇక పుండ్లు. నాలుగు గంటలకోసారి పక్క మార్చినా తుంటి మీద ఒకటి పడింది. మానడానికి 40 రోజులు పట్టింది.

బండి సంగతి చెప్పాలి. నా బీటు సైకిల్ బాగుచేసిన షాపతనే పి.వి.సి. గొట్టాలూ, రెండు చిన్న చక్రాలూ, కాన్వాసు పట్టీలతో చేసిపెట్టాడు. కాన్వాసు మెయిల్ బ్యాగుది కాదు, కంగారుపడకండి, బజారులో కొన్నదే! మొదటిరోజు బండి కట్టగానే కొయ్యలా నిలబడిపోయింది. రెండోరోజు ఎదురింటి పిల్లి కనబడింది. అంతే, గేటు స్తంభాన్ని గుద్దుకునిగానీ ఆగలేదు. ఇప్పుడు సందు చివరిదాకా వెళ్ళొస్తుంది. బండిలో కూర్చోలేదు, పడుకోలేదు, కనుక అరగంట మించి ఉంచం. తోక ఆడదు. సంతోషమంతా చెవుల్లోనే, ముందు కాళ్ళ తొక్కిడిలోనే.

విసుగు రాదా అంటే వస్తుంది. అప్పటినుంచి మేమిద్దరం కలిసి ఊరు దాటలేదు. తిరుపతికి ఆవిడ వాళ్ళ అక్కయ్యతో వెళ్ళింది. అబ్బాయి గృహప్రవేశానికి నేనొక్కణ్ణే వెళ్ళి పీటల దగ్గర నిలబడ్డాను. ఆవిడ ఫోనులో చూసింది. ఆ రాత్రి ఆవిడ ఏడ్చిందని పక్కింటివాళ్ళు తర్వాత చెప్పారు. నాతో అనలేదు.

2022లో ఆవిడకు కంటి ఆపరేషను. వంగకూడదు, బరువెత్తకూడదు. అబ్బాయి సెలవు పెట్టి పది రోజులున్నాడు. మొదటిరోజు ముక్కు మూసుకున్నాడు. మూడోరోజుకు నాకంటే బాగా నొక్కాడు. ఇప్పుడు ఫోను చేస్తే "పోసిందా?" అని అడిగాకే మా బి.పి. సంగతి. మాకేదైనా అయితే తన దగ్గరకు తీసుకువెళతానని వాడే అన్నాడు, మేము అడగలేదు. నాకు 75వ ఏడు నడుస్తోంది, ఆవిడకు 70, దానికి పదేళ్ళు దాటాయి. ఎవరు ముందో తెలియదు కనుక వేళలూ, మందులూ రాసి వంటింటి తలుపుకు అంటించాం.

భోజనానికి ఉండమని కార్యదర్శిగారు బలవంతపెడుతున్నారు. పదకొండున్నర కావస్తోంది, పన్నెండింటి వంతు నాది. తొడుగులు నా జేబులోనే ఉండిపోయాయి. సెలవిప్పించండి.